దించిన పికప్‌కి ఆటో లెవెలింగ్: పైపులకన్నా ముందు టేపు

పికప్‌ని కిందికి దించినవాళ్లకి మొదటి లోడుతోనే విషయం అర్థమవుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు చూడముచ్చటగా ఉన్న బండి, వెనక సరుకు పడగానే కూర్చుండిపోతుంది. చిన్న గుంతకే యాక్సిల్ లేచి, దాన్ని ఛాసిస్‌కి తగలకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బరుకి ధబీమని కొడుతుంది. హెడ్‌లైట్లు ఎదురొచ్చేవాళ్ల కళ్లలోకి లేస్తాయి. దానికి మందు ఆటో లెవెలింగ్, అంటే లోడు పడితే గాలి నింపి, తీసేస్తే వదిలి, బండిని ఒకే ఎత్తులో ఉంచే ఏర్పాటు. దానికోసం చాలామంది గాలి బెలూన్లు, కంప్రెసరు, సెన్సరు అన్నీ ఒకేసారి తెచ్చి ముందు పడేసి "ఇవి బిగించెయ్యండి" అంటారు. నేను ముందు టేపు పట్టుకుని బండి కిందకి దూరతాను. ఆటో లెవెలింగ్ సిస్టమ్‌కి మీ బండి ఎంత ఎత్తులో ఉండాలో తెలియదు. సెన్సర్ చెయ్యి అడ్డంగా ఉందా, పైకి లేచిందా, కిందికి వాలిందా, దానికి తెలిసింది అంతే. ఆ చెయ్యి ఏ ఎత్తు దగ్గర అడ్డంగా ఉండాలో చెప్పాల్సింది మనం. ఈ పనిలో కష్టమంతా అక్కడే ఉంది. మిగతాది పైపులు, బోల్టులు.

ఇక్కడ చెప్పేది వెనక కమాను కట్టలు, రెండు చక్రాలనూ కలిపే ఒకటే యాక్సిల్ ఉన్న పికప్ గురించి. కాయిల్ స్ప్రింగుల బండికీ లెక్క ఇదే, బెలూన్ పెట్టే చోటు మాత్రం మారుతుంది.

ముందు కొలతలు

బండి ఖాళీగా, చదునైన నేల మీద, టైర్లలో సరైన గాలితో నిలబెట్టండి. చక్రం మధ్య నుంచి నిలువుగా మడ్‌గార్డ్ అంచు దాకా కొలవండి. నేల నుంచి కొలవకండి. టైరులో గాలి కొంచెం తగ్గినా ఆ లెక్క తప్పుతుంది. నాలుగు చక్రాల దగ్గరా కొలిచి మాస్కింగ్ టేపు మీద రాసి, ఆ టేపుని మడ్‌గార్డుకే అంటించండి. పని అయ్యేదాకా అది అక్కడే ఉండాలి.

తరవాత యాక్సిల్‌కీ బంప్ స్టాప్‌కీ మధ్య ఖాళీ కొలవండి. అన్నిటికన్నా ముఖ్యమైన కొలత ఇది. ఆపైన ఛాసిస్‌ని జాకీతో లేపి, గట్టి స్టాండ్ల మీద పెట్టి, యాక్సిల్‌ని కిందికి వేలాడనివ్వండి. అది ఎంత దిగిందో రాసుకోండి. అంటే యాక్సిల్ ఖాళీ ఎత్తు నుంచి పైకి ఎంత వెళ్లగలదు, కిందికి ఎంత వెళ్లగలదు అన్న రెండు అంకెలు మీ చేతిలో ఉండాలి.

బండిని ఎలా దించారన్నది కూడా చూడాలి. షాకిల్, హ్యాంగర్ (కమాను చివర్లని ఛాసిస్‌కి పట్టి ఉంచే ముక్కలు) మార్చి 50 మి.మీ. దించిన బండికీ, ఫ్లిప్ కిట్‌తో యాక్సిల్‌ని కమాను కింద నుంచి కమాను పైకి మార్చిన బండికీ చాలా తేడా ఉంది. ఫ్లిప్ కిట్‌తో యాక్సిల్ గొట్టం మందం, కమాను కట్ట మందం రెండూ కలిపినంత దిగుతుంది. సాధారణంగా అది 125 నుంచి 150 మి.మీ. అంత దిగాక యాక్సిల్ ఛాసిస్‌కి తగలకుండా ఛాసిస్‌ని అర్ధచంద్రంగా కోసి, లోపల మందపాటి రేకు వెల్డ్ చేస్తారు. దాన్నే సీ నాచ్ అంటారు. ఆ వెల్డింగ్ సరిగ్గా లేని బండిలో ఆ చోటికి దగ్గర్లో బెలూన్ బ్రాకెట్ పెట్టడానికి నేను ఒప్పుకోను. బెలూన్ వేసే బరువంతా ఆ ఒక్క చోటే పడుతుంది.

ఒక లెక్క చూద్దాం. ఫ్లిప్ చేసి నాచ్ కోసిన బండి, బంప్ స్టాప్ ఖాళీ 65 మి.మీ. అనుకోండి. ఒక్కో కమాను కట్ట 3.5 కిలోలకి 1 మి.మీ. దిగుతుంది, అంటే రెండూ కలిసి 7 కిలోలకి 1 మి.మీ. సరిగ్గా యాక్సిల్ మీద 500 కిలోలు పడితే 71 మి.మీ. దిగాలి. కానీ ఉన్నదే 65. అంటే ఆ బండి రోడ్డెక్కకముందే రబ్బరు మీద కూర్చుని ఉంటుంది. ఇక సస్పెన్షన్ అంటే టైర్లే.

లెవెలింగ్ చేసే పని ఆ 65 మి.మీ. కదలికని మనకి తిరిగివ్వడం. అంతేగాని బండి మోసే బరువుని పెంచడం కాదు. బెలూన్లు పెట్టినా తయారీదారు ఇచ్చిన మొత్తం బరువు పరిమితి అలాగే ఉంటుంది. యాక్సిల్, బేరింగులు, బ్రేకులు మారలేదు కదా. పైగా దించిన బండికి సన్న సైడ్‌వాల్ టైర్లు వేసి ఉంటారు. వాటి లోడ్ ఇండెక్స్, అంటే టైరు ఎంత బరువు మొయ్యగలదో చెప్పే అంకె, పాత టైరు కన్నా తక్కువైతే అసలు పరిమితి అక్కడే ఆగిపోతుంది. టైరు పక్క మీద ఉన్న అంకె చదవండి.

ఖాళీ బండిలోనే బంప్ స్టాప్ ఖాళీ 50 మి.మీ. కన్నా తక్కువ ఉంటే నేను ఈ పని మొదలుపెట్టను. ముందు బండిని కొంచెం లేపమంటాను, లేదా నాచ్ లోతు పెంచమంటాను.

ఫ్యాక్టరీ నుంచే లెవెలింగ్ ఉన్న బండి అయితే

కొన్ని బండ్లకి ఈ సిస్టమ్ కంపెనీలోనే పెట్టి వస్తుంది. షెవర్లే టాహో, సబర్బన్ లాంటి వాటిలో వెనక గాలి షాకబ్జర్లు, ఛాసిస్ మీద కంప్రెసరు ఉన్న మోడళ్లు ఉన్నాయి. ర్యామ్ 1500కి 2013 మోడల్ నుంచి నాలుగు చక్రాలకీ గాలి స్ప్రింగులు ఆప్షన్‌గా వచ్చాయి. ఇలాంటి బండిని దించగానే సెన్సర్ చెయ్యి పైకి లేస్తుంది. సిస్టమ్ దాన్ని "లోడు పడింది" అని చదువుతుంది. కంప్రెసర్ ఆన్ అయి, మీరు దించిన బండిని మళ్లీ లేపడానికి కూర్చుంటుంది. లేపలేకపోతే తిరుగుతూనే ఉండి వేడెక్కుతుంది, లేదా ఎర్రర్ కోడ్ వేసి ఆగిపోతుంది. చాలామంది అప్పుడు ఫ్యూజు పీకేస్తారు. ఆ అవసరం లేదు. దించినంత మేర సెన్సర్ లింకుని సరిచేస్తే సిస్టమ్ హాయిగా పని చేస్తుంది. ఎలాగో కింద లింకు గురించి చెప్పేటప్పుడు వివరంగా రాశాను.

ఇంకో రకం ఉంది, సాక్స్ వాళ్ల నివోమ్యాట్. బయట పైపు లేదు, వైరు లేదు, చూడటానికి లావుపాటి షాకబ్జర్ అంతే. బండి నడుస్తుంటే రోడ్డు ఊపులతోనే లోపలి నూనెని పంపు చేసుకుని, కొంత దూరం వెళ్లేసరికి వెనక భాగాన్ని లేపుతుంది. ఎంత ఎత్తుకి లేపాలన్నది దాని లోపలే ఉంది, బయట నుంచి మార్చడానికి స్క్రూ లేదు. స్ప్రింగులు మార్చి బండిని 50 మి.మీ. దించి, నివోమ్యాట్‌ని అలాగే ఉంచితే అది కాస్త దూరం నడవగానే బండిని పాత ఎత్తుకి తెచ్చేస్తుంది. దారి ఒకటే. షాకబ్జర్ పై బ్రాకెట్‌ని 50 మి.మీ. పైకి, లేదా కింది బ్రాకెట్‌ని 50 మి.మీ. కిందికి మార్చాలి. బండి కొత్త ఎత్తులో ఉన్నప్పుడు షాకబ్జర్ పొడవు పాత పొడవే ఉండాలి. వద్దనుకుని మామూలు షాకబ్జర్లు వేస్తే స్ప్రింగులు కూడా మార్చాలి. నివోమ్యాట్ ఉన్న బండికి కంపెనీ మెత్తటి స్ప్రింగులు వేస్తుంది, కొంత బరువు ఆ షాకబ్జరే మోస్తుంది కాబట్టి.

బెలూన్ ఎంపిక

కొత్తగా పెట్టేవాళ్లకి రెండు దారులున్నాయి. ఒకటి గాలి షాకబ్జర్లు. పెట్టడం తేలిక, కానీ బరువంతా షాకబ్జర్ బోల్టు మీదా దాని బ్రాకెట్ మీదా పడుతుంది. ఆ బ్రాకెట్లు ఊపుని ఆపడానికి చేసినవి, లోడు మొయ్యడానికి కాదు. తేలిక లోడుకి సరిపోతాయి. రోజూ సరుకు వేసే బండికి మాత్రం కమానుకి తోడుగా యాక్సిల్‌కీ ఛాసిస్‌కీ మధ్య బెలూన్లు పెట్టడమే నాకు నచ్చుతుంది.

దించిన బండిలో ఇక్కడే ఇరుకు మొదలవుతుంది. మామూలు పికప్ కోసం చేసిన కిట్‌లో రెండు మడతల బెలూన్ ఉంటుంది. దానికి కూర్చునే చోటు చాలదు. యాక్సిల్ బంప్ స్టాప్‌కి తగిలినప్పుడు మిగిలే చోటు, బెలూన్ పూర్తిగా నలిగినప్పుడు ఉండే ఎత్తు కన్నా ఎక్కువ ఉండాలి. లేకపోతే బెలూనే బంప్ స్టాప్ అయిపోతుంది, ఎక్కువ రోజులు బతకదు. ఒక్క మడత బెలూన్, లేదా లోపల రబ్బరు స్టాప్ ఉన్న సన్నటి స్లీవ్ రకం చూడండి. అలాగే యాక్సిల్ పూర్తిగా వేలాడినప్పుడు బెలూన్ దాని గరిష్ఠ పొడవు దాటకూడదు. షాకబ్జర్ ముందే ఆపితే మంచిది. ఆపకపోతే యాక్సిల్ అంతకన్నా దిగకుండా పట్టే పట్టీ, లిమిట్ స్ట్రాప్, కట్టాలి.

గాలి నిండినప్పుడు బెలూన్ ఉబ్బుతుంది. ఆ ఉబ్బిన కొలతతో చుట్టూ కనీసం 12 మి.మీ., టైరు వైపు 25 మి.మీ. ఖాళీ ఉంచుతాను. సైలెన్సర్ పైపుకి 150 మి.మీ. దూరం, కుదరకపోతే మధ్యలో హీట్ షీల్డ్ రేకు. బ్రేక్ పైపు గానీ హ్యాండ్‌బ్రేక్ కేబుల్ గానీ బెలూన్‌కి తగిలే దారిలో ఉంటే ముందు దాన్ని పక్కకి మార్చండి. ఛాసిస్‌లో రంధ్రాలు వెయ్యాల్సి వస్తే నిలువు గోడలోనే వెయ్యండి. పై అంచుకి, కింది అంచుకి డ్రిల్లు తగలనివ్వకండి.

ఎంత గాలి కావాలో కాగితం మీదే తెలుస్తుంది. బెలూన్ పనిచేసే వ్యాసం 12.7 సెం.మీ. అంటే 5 అంగుళాలు అనుకుంటే, వైశాల్యం సుమారు 127 చదరపు సెం.మీ. మన 500 కిలోల లోడుకి ఒక్కో బెలూన్ 250 కిలోలు మొయ్యాలి. 250ని 127తో భాగిస్తే చదరపు సెం.మీ.కి 2 కిలోల లోపు, అంటే 28 పీఎస్‌ఐ. ఎత్తు మారితే బెలూన్ వైశాల్యం కూడా కొంచెం మారుతుంది కాబట్టి ఇది అంచనా మాత్రమే. కానీ ఇదే లోడుకి మీ బండిలో 70 పీఎస్‌ఐ కావాల్సి వస్తుంటే బెలూన్ చిన్నదైనా అయ్యుండాలి, కమాను అలిసిపోయైనా ఉండాలి.

చాలామంది వదిలేసే లెక్క ఒకటుంది. బెలూన్‌ని ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చెయ్యకూడదు, మడత లోపలికి నలిగి చిరుగుతుంది. అందుకని 5 నుంచి 10 పీఎస్‌ఐ ఎప్పుడూ ఉంచుతారు. మన బెలూన్‌లో 7 పీఎస్‌ఐ అంటే దాదాపు 63 కిలోల తోపుడు. కమానుకి 3.5 కిలోలకి 1 మి.మీ. లెక్కన ఖాళీ బండి 18 మి.మీ. లేస్తుంది. కష్టపడి దించిన దాంట్లో ముప్పావు అంగుళం పోయినట్టే. కాబట్టి ముందు బెలూన్లు బిగించి, కనీస గాలి పెట్టి, అప్పుడు ఖాళీ ఎత్తు మళ్లీ కొలిచి, దించడంలో సర్దుబాటు చేసుకోండి. సెన్సర్ పని దాని తరవాతే.

చిన్న బెలూన్‌తో ఇంకో చిక్కు, అది గట్టిగా ఉంటుంది. లోపల గాలే తక్కువ కాబట్టి యాక్సిల్ 30 మి.మీ. లేచినా ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. పక్కనే ఒక చిన్న గాలి ట్యాంకు కలిపితే మెత్తబడుతుంది. అయితే దాన్ని లావుపాటి గొట్టంతో, బెలూన్‌కి దగ్గరగా కలపాలి. 6 మి.మీ. నైలాన్ పైపుతో మూడు అడుగుల దూరంలో పెట్టిన ట్యాంకు వల్ల లాభం లేదు. గుంత పడిన క్షణంలో గాలి అంత సన్నటి దారిలో అటు వెళ్లి రాలేదు.

సెన్సర్ లింకు

సెన్సర్ ఛాసిస్ మీద ఉంటుంది. దాని చెయ్యి నుంచి ఒక సన్నటి కడ్డీ యాక్సిల్‌కి వెళ్తుంది. బండి కొత్త ఎత్తులో ఉన్నప్పుడు చెయ్యి అడ్డంగా, కడ్డీ నిలువుగా, రెండిటి మధ్య 90 డిగ్రీలు ఉండాలి.

కడ్డీ నేరుగా యాక్సిల్‌కే తగిలి ఉంటే లెక్క తేలిక. బండి 75 మి.మీ. దిగితే కడ్డీ 75 మి.మీ. తగ్గాలి. కంట్రోల్ ఆర్మ్ మధ్యలో తగిలించి ఉంటే అక్కడ కదలిక సగమే, కాబట్టి 37 మి.మీ. చాలు. నమ్మకం కోసం చేత్తో కొలవండి. బండిని కొత్త ఎత్తులో ఉంచి, కడ్డీ విప్పి, చెయ్యిని అడ్డంగా పట్టుకుని, రెండు బాల్ జాయింట్ల మధ్య దూరం చూసుకుంటే అదే కొత్త కడ్డీ పొడవు. అసలు కడ్డీయే 75 మి.మీ. లేకపోతే, సెన్సర్ బ్రాకెట్‌ని పైకి లేపాలి, లేదా యాక్సిల్ వైపు బ్రాకెట్‌ని కిందికి దించాలి. రెండు వైపులా మరలున్న కడ్డీ అయితే తరవాత అర మిల్లీమీటరు దాకా సరిచేసుకోవచ్చు. కోసి వెల్డ్ చేసిన కడ్డీలు నాకు నచ్చవు.

ఇప్పుడు అసలు ప్రమాదం. సెన్సర్ చెయ్యి 100 మి.మీ. పొడవుంది, మీ యాక్సిల్ కిందికి 100 మి.మీ. వేలాడుతుంది అనుకోండి. పూర్తిగా వేలాడినప్పుడు చెయ్యి నిలువుగా కిందికి తిరిగి, కడ్డీతో ఒకే గీతలోకి వస్తుంది. అక్కడి నుంచి తిరిగి వచ్చేటప్పుడు అది రెండో వైపుకి మడత పడొచ్చు. ఆ తరవాత అన్నీ తలకిందులే. బండి దిగితే లేచిందనుకుంటుంది, ఉన్న గాలి వదిలేస్తుంది. జాకీ పెట్టి టైరు మార్చిన మర్నాడు వెనక భాగం నేల పట్టిందంటే ముందుగా చూడాల్సింది ఇదే. పూర్తిగా పైకి, పూర్తిగా కిందికి వెళ్లినా చెయ్యికీ కడ్డీకీ మధ్య కోణం 30 డిగ్రీలకి తగ్గకూడదు, 150 దాటకూడదు. చెయ్యిని 150 మి.మీ. చేస్తే అదే 100 మి.మీ. దిగుడుకి సుమారు 42 డిగ్రీలే తిరుగుతుంది, భయం లేదు. అయితే చెయ్యి ఒకటిన్నర రెట్లు పొడవైతే సిస్టమ్ పట్టించుకోని తేడా కూడా ఒకటిన్నర రెట్లు అవుతుంది. ముందు 10 మి.మీ. తేడాకి స్పందించేది ఇప్పుడు 15కి స్పందిస్తుంది. ఉన్నదే 65 మి.మీ. అయిన బండిలో ఇంతకు మించి పోనివ్వకండి.

కడ్డీ యాక్సిల్ మీద ఎక్కడ తగిలించాలన్నదీ ముఖ్యమే. పక్కకి, చక్రం దగ్గర పెడితే ఒక్క చక్రం గుంతలో పడినా, బండి మలుపులో ఒరిగినా సెన్సర్ దాన్ని లోడు అనుకుంటుంది. మధ్యలో పెడితే రెండు చక్రాల సగటు ఎత్తు మాత్రమే చదువుతుంది. 1955లో వచ్చిన సిట్రోయెన్ డీఎస్ కారులో ఎత్తు చూసే వాల్వుల లింకులని, రెండు పక్కలనీ కలిపే యాంటీరోల్ బార్‌కి తగిలించింది ఇందుకే. మధ్యలో అన్నాను కదా అని డిఫరెన్షియల్ ముక్కుకి తగిలించకండి. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే కమాను మెలితిరిగి ఆ ముక్కు పైకి లేస్తుంది, సెన్సర్ దాన్ని కూడా చదువుతుంది. డిఫరెన్షియల్‌కి పక్కగా, యాక్సిల్ గొట్టం సరిగ్గా పైభాగంలో చిన్న బ్రాకెట్ వెయ్యండి.

మూడు వైర్ల ఎలక్ట్రానిక్ సెన్సర్ అయితే కోణాన్ని కంటితో చూసి ఊరుకోవద్దు, మల్టీమీటర్ పెట్టండి. ఒక వైరుకి 5 వోల్టులు, ఒకటి గ్రౌండు, మూడోది సిగ్నల్. 0.5 నుంచి 4.5 వోల్టుల మధ్య తిరిగే సెన్సర్ అయితే ఖాళీ ఎత్తు దగ్గర 2.5కి దగ్గర్లో రావాలి. ఫ్యాక్టరీ సిస్టమ్ అయితే ఆ తరవాత స్కానర్‌తో రైడ్ హైట్ క్యాలిబ్రేషన్ చెయ్యాలి. వోల్టేజీ దాని హద్దుల్లో లేకపోతే క్యాలిబ్రేషన్ ఒప్పుకోదు. కాబట్టి కడ్డీ పని ముందు, స్కానర్ తరవాత.

నేను సున్నా స్థానాన్ని, అంటే సిస్టమ్ బండిని నిలిపే ఎత్తుని, ఖాళీ ఎత్తు దగ్గర కాకుండా, దానికన్నా 15 మి.మీ. కింద పెడతాను. మొదటి 15 మి.మీ. కమాను తనే మోస్తుంది, ఆ తరవాతే గాలి వస్తుంది. ఇద్దరు మనుషులు వెనక ఎక్కి దిగినప్పుడల్లా కంప్రెసర్ గుర్రుమనదు. బ్రేకుల విషయంలో ఇంకో లాభం కూడా ఉంది, కింద చెప్తాను.

వాల్వా, ఎలక్ట్రానిక్ బాక్సా

బస్సుల్లో, ట్రెయిలర్లలో ఉండే లెవెలింగ్ వాల్వ్ పూర్తిగా మెకానికల్. చెయ్యి పైకి వెళ్తే ట్యాంకు నుంచి బెలూన్‌కి గాలి, కిందికి వెళ్తే బెలూన్ నుంచి బయటికి. దానికి ఎప్పుడూ నిండుగా ఉండే గాలి ట్యాంకు కావాలి. ఎలక్ట్రానిక్ అయితే బాక్సు ఎత్తు చదివి, కొన్ని సెకన్లు ఆగి, తేడా అలాగే ఉంటే కంప్రెసర్‌ని గానీ వదిలే వాల్వ్‌ని గానీ నడుపుతుంది. చాలా సిస్టముల్లో ఆ ఆగడం 10 నుంచి 20 సెకన్లు. గుంతలకి స్పందించకుండా ఉండేది దానివల్లే. రోజూ లోడు వేసే బండికి మెకానికల్ వాల్వే నా ఓటు, చెడిపోతే ఎక్కడైనా దొరుకుతుంది. మీరు కొనే వాల్వులో ఆలస్యం ఉందో లేదో మాత్రం చూసుకోండి, కొన్నిటిలో ఉండదు. వారానికోసారి లోడు వేసే షోకు బండికి ఎలక్ట్రానిక్ చాలు. ఫోన్‌తో నడిపే కిట్లు చూడ్డానికి బాగుంటాయి. కానీ వాటిలో కొన్ని ఎత్తు చూడవు, గాలి ఒత్తిడి మాత్రమే చూస్తాయి. అలాంటిది ఆటో లెవెలింగ్ కాదు. 30 పీఎస్‌ఐ పెట్టి ఉంచితే లోడు ఎంతున్నా 30కే పట్టుకుని కూర్చుంటుంది.

ఒకటే వాల్వ్ పెట్టి రెండు బెలూన్లనీ టీ జాయింటుతో కలిపితే మలుపులో బయటి వైపు బెలూన్ గాలి లోపలి వైపుకి జారి బండి ఇంకా ఒరుగుతుంది. రెండు అవుట్‌లెట్లు వేరుగా ఉన్న వాల్వ్ తీసుకోండి. దొరక్కపోతే మధ్యలో సన్నటి రంధ్రం ఉన్న రిస్ట్రిక్టర్ వెయ్యండి. బెలూన్లలో కనీస ఒత్తిడి నిలబెట్టే వాల్వ్ ఎగ్జాస్ట్ వైపు, అంటే గాలి బయటికి వదిలే వైపు, తప్పనిసరి.

కంప్రెసర్ నీళ్లు చిమ్మని చోట, గాలి పీల్చే గొట్టం ఎత్తులో, గాలిలో తేమ తీసే డ్రయ్యర్‌తో సహా పెట్టండి. వైరుకి ఫ్యూజు బ్యాటరీ దగ్గరే, రిలే ద్వారా. నైలాన్ పైపుని బ్లేడుతో సరిగ్గా అడ్డంగా, ఏటవాలు లేకుండా కొయ్యండి. కటింగ్ ప్లయర్‌తో నలిపితే ఫిట్టింగు దగ్గర కారుతుంది. అన్ని జాయింట్ల మీదా సబ్బు నీళ్లు పోసి చూడండి. కారే సిస్టమ్‌లో కంప్రెసర్ పదే పదే ఆన్ అయి కాలిపోతుంది.

బ్రేకుల సంగతి

చాలా పికప్‌లలో, ఉదాహరణకి టయోటా హైలక్స్ పాత మోడళ్లలో, వెనక యాక్సిల్ నుంచి ఛాసిస్ మీదున్న ఒక వాల్వ్‌కి ఇంకో కడ్డీ వెళ్తుంది. అది లెవెలింగ్‌కి సంబంధించింది కాదు, బ్రేకులది. లోడ్ సెన్సింగ్ ప్రపోర్షనింగ్ వాల్వ్ అంటారు. బండి వెనక దిగితే "లోడు ఉంది" అని వెనక బ్రేకులకి ఒత్తిడి పెంచుతుంది, లేచి ఉంటే తగ్గిస్తుంది.

ఇప్పుడు బండిని 125 మి.మీ. దించారు. ఆ వాల్వ్ దృష్టిలో బండి ఎప్పుడూ ఫుల్ లోడులో ఉంది. ఖాళీ బండికి కూడా వెనక బ్రేకులకి పూర్తి ఒత్తిడి ఇస్తుంది. తడి రోడ్డు మీద వెనక చక్రాలు లాక్ అయి బండి తిరుగుతుంది. అందుకని దించిన రోజే ఈ కడ్డీ బ్రాకెట్‌ని దించినంత మేర సరిచెయ్యాలి, సర్వీస్ మాన్యువల్ ప్రకారం ముందు, వెనక బ్రేక్ ఒత్తిడి గేజులతో చూడాలి. ఏబీఎస్ ఉన్నా ఈ వాల్వ్ ఉంటే దాన్ని అలా వదిలెయ్యకండి.

తరవాత లెవెలింగ్ పెట్టారు. అప్పుడు తప్పు రెండో వైపుకి తిరుగుతుంది. 500 కిలోలు వేసినా బండి దిగదు కాబట్టి వాల్వ్ "ఖాళీ బండి" అనుకుని వెనక బ్రేకులకి తక్కువ ఒత్తిడే ఇస్తుంది. భారమంతా ముందు బ్రేకుల మీద పడి, ఆగే దూరం పెరుగుతుంది. గాలి సస్పెన్షన్ ఉన్న పెద్ద లారీల్లో ఈ చిక్కు లేదు. అక్కడ వాల్వ్ ఎత్తుని కాదు, బెలూన్‌లోని గాలి ఒత్తిడిని చూసి లోడు తెలుసుకుంటుంది. మన నూనె బ్రేకుల పికప్‌లో అంత సులువు కాదు. నేను సున్నా స్థానం 15 మి.మీ. కింద పెట్టడానికి ఇదీ ఒక కారణం. లోడు పడ్డప్పుడు కొంతైనా దిగుతుంది, వాల్వ్‌కి కొంతైనా తెలుస్తుంది. దానితో పూర్తిగా సరిపోతుందని అనను. బ్రేక్ పని తెలిసిన మనిషితో లోడు వేసి, ఖాళీగా, రెండు విధాలా పరీక్ష చేయించకుండా బండి బయటికి పంపకండి. వెనక బ్రేకుల పంపకం పూర్తిగా ఎలక్ట్రానిక్స్ చేతిలో ఉండి, చక్రం జారుడుని బట్టి నడిచే కొత్త బండ్లలో ఈ కడ్డీయే ఉండదు.

పరీక్ష

బండి ఖాళీగా ఉన్నప్పుడు ఇంజిన్ ఆన్ చేసి సిస్టమ్ నిలకడ పడనివ్వండి. మడ్‌గార్డు టేపు మీద ఉన్న అంకెతో పోల్చండి. తరవాత బరువు తెలిసిన సరుకుని సగం వెయ్యండి, ఆగండి, కొలవండి. మిగతా సగం వేసి మళ్లీ కొలవండి. రెండు సార్లూ సున్నా స్థానానికి 10 మి.మీ. అటూ ఇటూగా వస్తే బాగున్నట్టే. లోడు దించేశాక గాలి వదిలి కిందికి వస్తోందో లేదో చూడటం చాలామంది మర్చిపోతారు. లేపడం బాగా చేసి, వదలడం చెయ్యని సిస్టములు నా దగ్గరికి తరచూ వస్తాయి. ఎక్కువసార్లు ఎగ్జాస్ట్ మూతి మట్టితో పూడిపోయి ఉంటుంది.

లోడుతో ఉన్నప్పుడే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం కూడా చూడండి. ఫ్లిప్ చేసిన బండిలో డిఫరెన్షియల్ ముక్కు కోణం మారి ఉంటుంది. గేర్‌బాక్స్ అవుట్‌పుట్ షాఫ్ట్, డిఫరెన్షియల్‌లోకి వెళ్లే పినియన్ షాఫ్ట్ ఒకదానికొకటి దాదాపు సమాంతరంగా ఉండాలి. తేడా ఎక్కువైతే క్రాస్ జాయింట్లు కొట్టుకుంటాయి. యాక్సిల్‌కీ కమానుకీ మధ్య ఏటవాలు ముక్క వేసి సరిచెయ్యొచ్చు. హెడ్‌లైట్లు ఆఖర్న, సిస్టమ్ ఆన్‌లో ఉండగా సెట్ చెయ్యండి. హెడ్‌లైట్లకి సొంత ఆటో లెవెలింగ్ ఉంటే వాటికీ యాక్సిల్ దగ్గర ఒక సెన్సర్ ఉంటుంది. దాని కడ్డీకి కూడా ఇదే కొలత.

బండిని జాకీ మీద లేపే ముందు సిస్టమ్‌ని ఆఫ్ చెయ్యండి, అందుకోసం సీటు పక్కనే స్విచ్ పెట్టించుకోండి. చక్రాలు వేలాడగానే సిస్టమ్ బండి బాగా లేచిందనుకుని గాలి వదిలేస్తుంది. కింద పని చేసేటప్పుడు బండి స్టాండ్ల మీద ఉండాలి, స్టాండ్లు ఛాసిస్ కింద ఉండాలి. గాలి మీద నిలబడ్డ బండి కిందకి ఎవరినీ వెళ్లనివ్వకండి. దించిన బండిలో గాలి పోతే మనిషికి మిగిలే చోటు చాలా తక్కువ.

కొన్ని రోజులు నడిచాక యూ బోల్టులు మళ్లీ బిగించండి, బెలూన్ల మీద ఎక్కడైనా రాపిడి గీత పడిందేమో టార్చి వేసి చూడండి. ట్యాంకు ఉంటే కింది డ్రెయిన్ తిప్పి నీళ్లు వదిలెయ్యండి. వానాకాలంలో ఆ పని తరచూ చెయ్యాలి.